పదహారో వంతు పులి

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ దింపిన టైగర్ ట్యాంకు బరువు 57 టన్నులు. దాన్ని పదహారో వంతుకు కుదించి, రేడియోతో నడిచే నమూనా చేస్తే ఎంత తూగాలి? చాలామంది 57ని 16తో భాగిస్తారు. మూడున్నర టన్నులు వస్తుంది. అంత బరువున్న బొమ్మను ఇంట్లోకి తేవాలంటే గోడ పడగొట్టాలి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదహారో వంతే కనక పదహారుతో మూడుసార్లు భాగించాలి, అంటే 4,096తో. అప్పుడు 14 కిలోలకు కాస్త తక్కువ వస్తుంది. కానీ చైనా కంపెనీలు అమ్మే ప్లాస్టిక్ టైగర్‌ని తూకం వేసి చూడండి, నాలుగైదు కిలోలు దాటదు.

మిగతా తొమ్మిది కిలోలు ఎటు పోయాయి? అసలు టైగర్ ముందు భాగంలో ఉక్కు కవచం మందం 100 మిల్లీమీటర్లు. కుదిస్తే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు ఉక్కు రేకు ఉండాలి. నమూనాలో ఉన్నది రెండు మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్. ఆ ప్లాస్టిక్ సాంద్రత ఉక్కులో ఏడో వంతు. లోపల పన్నెండు సిలిండర్ల ఇంజను లేదు, గుండ్లు లేవు, అయిదుగురు సిబ్బంది లేరు. రెండు చిన్న మోటార్లు, ఒక బ్యాటరీ, ఒక సర్క్యూట్ బోర్డు, మిగతాది గాలి. ఈ హాబీలో ఉన్నవాళ్లు కొన్న ట్యాంకును కొన్నట్టు ఉంచరు. విప్పుతారు, మారుస్తారు, మళ్లీ విప్పుతారు. ఆ మార్పుల్లో సగానికి సగం ఈ పోయిన బరువును వెనక్కి తేవడానికి చేసేవే. మిగతా సగం, బరువు వెనక్కి వచ్చాక విరిగినవాటిని బాగుచేయడానికి.

కుదింపులో అన్నీ ఒకే లెక్కన తగ్గవన్న సంగతి 1638లోనే గెలీలియో పుస్తకంలో రాసిపెట్టాడు. జంతువు పొడవు సగమైతే దాని ఎముక అడ్డుకోత నాలుగో వంతవుతుంది, బరువు ఎనిమిదో వంతవుతుంది. అంటే చిన్నదానికి బరువుతో పోలిస్తే బలం ఎక్కువ. నమూనా ట్యాంకు బల్లమీద నుంచి కిందపడితే దాని కొలతల్లో అది పన్నెండు మీటర్ల ఎత్తు, నాలుగంతస్తుల మేడ మీద నుంచి పడినట్టు. ఫిరంగి గొట్టమో వెనక మడ్‌గార్డో విరుగుతుంది, అంతే. తీసి పెడితే మళ్లీ నడుస్తుంది. అసలు టైగర్‌ని నాలుగంతస్తుల మీద నుంచి వదిలితే బాగుచేయడానికి ఏమీ మిగలదు.

పదహారో వంతే ఎందుకు అంటే ప్రకృతి నియమమేమీ లేదు. అందులో పట్టే సామాను తేల్చిన లెక్క అది. జపాన్‌లోని షిజువోకాలో ఉన్న తమియా కంపెనీ 1960ల మొదట్లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్ చేసినప్పుడు, బ్యాటరీలు లోపల పట్టేలా కొలతలు పెట్టుకుంది. తర్వాత కొలిచి చూస్తే అది 35వ వంతుగా తేలింది. నేటికీ ప్రపంచమంతా ప్లాస్టిక్ ట్యాంకులు చేసేవాళ్లకు అదే ప్రమాణం. రిసీవరు, సర్వో మోటారు, గేర్‌బాక్సు అన్నీ ఇరుక్కోకుండా పట్టాలంటే ఇంకా పెద్ద పొట్ట కావాలి. అందుకే 1970లలో అదే కంపెనీ తెచ్చిన రేడియో ట్యాంకుల నుంచి ఇప్పటి చైనా టైగర్ల దాకా పదహారో వంతు రాజ్యమేలుతోంది.

ఇక వేగం. టైగర్ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల దాకా పోయేది. పదహారుతో భాగిస్తే రెండున్నర కిలోమీటర్లు. మనిషి నడకకన్నా నెమ్మది. నమూనాలు కూడా సుమారుగా ఆ వేగంతోనే నడుస్తాయి. అయినా చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది, ఇది బొమ్మ అని. రంగు బాగున్నా, మట్టి మరకలు అద్దినా, ఒక చిన్న గులకరాయి ఎక్కి దిగగానే గుట్టు బయటపడుతుంది. టపటపా ఎగిరిపడుతుంది. 57 టన్నుల ఇనుము అలా ఎగరదు. ముందు మెల్లగా తల వంచుతుంది, కాసేపు ఆలోచించినట్టు ఆగుతుంది, తర్వాత లేస్తుంది.

దోషం నమూనాది కాదు, భూమిది. మనం పొడవును కుదించాం, బరువును కుదించాం. భూమ్యాకర్షణను కుదించలేదు. పదహారో వంతు ఎత్తు నుంచి పడే వస్తువుకు నేల చేరడానికి పదహారో వంతు సమయం పట్టదు, నాలుగో వంతు పడుతుంది. పదహారు వర్గమూలం నాలుగు కనక. ఊగడం, దూకడం, వాలడం లాంటి కదలికలన్నింటికీ ఇదే లెక్క. అసలు ట్యాంకు ఒకసారి తల వంచి లేవడానికి ఒక సెకను పడితే, స్ప్రింగులతో సహా నిజాయితీగా కుదించిన నమూనాకు పావు సెకను చాలు. ఈ లెక్కను వాడుకలోకి తెచ్చినవాడు విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు. 1870లలో టార్కీ పట్నంలో తన ఇంటి దగ్గరే పొడవాటి నీళ్ల తొట్టి కట్టించి, మైనంతో చేసిన ఓడ నమూనాలను లాగి చూశాడు. చిన్న ఓడ లేపే అల పెద్ద ఓడ అలలాగే ఉండాలంటే వేగాన్ని పొడవుతో కాదు, పొడవు వర్గమూలంతో తగ్గించాలని తేల్చాడు. ఆ లెక్కన మన టైగర్ రెండున్నర కాదు, పది కిలోమీటర్ల వేగంతో పోవాలి.

పది కిలోమీటర్ల వేగంతో హాల్లో పరుగెత్తే ట్యాంకును చూస్తే ఎలకలా ఉంటుంది. సినిమావాళ్లకు ఈ తిప్పలు ఎప్పటినుంచో తెలుసు. నమూనాను వేగంగా నడిపి, కెమెరాలో సెకనుకు ఎక్కువ ఫ్రేములు తీసి, మామూలు వేగంతో చూపిస్తారు. పదహారో వంతు నమూనాకు సరిగ్గా నాలుగు రెట్లు. ఇప్పుడు చాలా ఫోన్లలో సెకనుకు 120 ఫ్రేముల స్లో మోషన్ ఉంది. దాన్ని 30 ఫ్రేములతో ఆడిస్తే అదే నాలుగు రెట్లు. పొలం గట్టు మీద నమూనాను నడిపించి, ఫోను నేలకు ఆనించి తీసి చూడండి. దుమ్ము లేచి పడే తీరు, చైను ఊగే తీరు, గట్టు దిగేటప్పుడు ముక్కు వాలే తీరు అన్నీ ఒక్కసారిగా బరువెక్కుతాయి. పైసా ఖర్చు లేని ఈ ప్రయోగం ముందు చేసి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోమని నా సలహా.

కంటితో నేరుగా చూసేటప్పుడు ఆ సదుపాయం లేదు కాబట్టి మిగిలిన దారి బరువు. స్ప్రింగు మీద బరువు పెరిగితే ఊపు నిదానిస్తుంది, అదీ వర్గమూలం లెక్కనే. నాలుగు కిలోలను తొమ్మిది కిలోలు చేస్తే ఊపు ఒకటిన్నర రెట్లు నెమ్మదిస్తుంది. కారు చక్రాల బ్యాలెన్సింగ్‌కి టైరు షాపుల్లో అతికించే బరువు పట్టీలు దీనికి భేషుగ్గా పనికొస్తాయి. వాటిని పొట్ట అడుగున, వీలైనంత కిందికి, రెండు చైన్లకూ మధ్యలో సమంగా అతికించాలి. టరెట్‌లో పెడితే ట్యాంకు తూలుతుంది.

బరువు పెరగ్గానే మరో మేలు జరుగుతుంది. టైగర్‌కి ఒక్కో పక్క ఎనిమిది ఇరుసులు, ఒకదాని వెనక ఒకటి దూరి ఉండే పెద్ద పెద్ద చక్రాలు. అసలు బండిలో పొట్టకు అడ్డంగా పదహారు ఉక్కు కడ్డీలు మెలిదిరిగి స్ప్రింగుల పని చేస్తాయి. తేలిక నమూనాలో స్ప్రింగులు ఉన్నా వాటిని నొక్కేంత భారం లేదు. చక్రాలు కదలకుండా బిగుసుకుని ఉంటాయి, రాయి మీదికి వస్తే బండి మొత్తం లేస్తుంది. బరువు పడ్డాక ఒక్కో చక్రం దాని పాటికది పైకి కిందికి ఆడుతుంది. రష్యా చలిలో ఈ చక్రాల మధ్య బురద దూరి, రాత్రికి రాత్రి గడ్డకట్టి, తెల్లారేసరికి బండి కదలని సందర్భాలున్నాయి. లోపలి చక్రం ఒకటి మార్చాలంటే బయటివి ఎన్నో ఊడదీయాలి. మన నమూనాలోనూ చిన్న కంకరరాళ్లు సరిగ్గా అక్కడే ఇరుక్కుంటాయి. అంత నమ్మకమైన కాపీ ఎవరూ అడగలేదు.

చైనుదీ ఇదే కథ. టైగర్ ఫొటోల్లో చైను పైభాగం చక్రాల మీద బరువుగా వాలి కనిపిస్తుంది. రెండు కొసల మధ్య వేలాడే గొలుసు వంపు దాని బరువు మీద ఆధారపడదు, ఎంత వదులుగా ఉందన్నదాని మీదే ఆధారపడుతుంది. అలాంటప్పుడు ప్లాస్టిక్ చైను కూడా అలాగే వాలాలి కదా? వాలదు. లింకులను కలిపే పిన్నుల దగ్గర రాపిడి ఉంది. చైను బరువు ఆ రాపిడిని గెలవలేకపోతే లింకులు ఎక్కడివక్కడ మొండికేస్తాయి. అందుకే లోహపు చైను వేస్తారు. అది వేసిన రోజు నుంచీ ట్యాంకు ముఖం మారిపోతుంది.

గేర్‌బాక్సు కష్టాలు మొదలయ్యేదీ ఆ రోజు నుంచే. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. చైను బండికి స్టీరింగు చక్రాలు ఉండవు. ఒక పక్క చైను వేగంగా, ఇంకో పక్క నెమ్మదిగా తిరిగితే బండి మళ్లుతుంది. మళ్లేటప్పుడు నేలకు ఆనిన చైను మొత్తం పక్కకు ఈడ్చుకుపోవాలి. తారు రోడ్డు మీద ప్రొక్లెయినర్ తిరిగిన చోట రోడ్డు ఎలా లేచిపోతుందో చూసే ఉంటారు.

ఆ ఈడ్పు ఎంతో లెక్క కడదాం. మన టైగర్ చైను నేలకు ఆనే పొడవు సుమారు 22.5 సెంటీమీటర్లు, రెండు చైన్ల నడిమధ్య దూరం 17.5 సెంటీమీటర్లు, బరువు 5 కిలోలు, ఘర్షణ గుణకం 0.6 అనుకుందాం. ఉన్నచోటే గిర్రున తిరగాలంటే ఒక చైను ముందుకి, ఒకటి వెనక్కి లాగాలి. నేల చేసే ప్రతిఘటన బండి మధ్య నుంచి సగటున ఆ పొడవులో నాలుగో వంతు దూరంలో పనిచేస్తుంది. 0.6ను 5తో, 22.5తో గుణించి, 17.5కు నాలుగు రెట్లతో భాగిస్తే ఒక్కో చైను దాదాపు ఒక కిలో బలంతో లాగాలని తేలుతుంది. నేరుగా పోవడానికో? చక్రాల, చైన్ల రాపిడి బరువులో అయిదు శాతం అనుకుంటే చైనుకు 125 గ్రాములు. అంటే మలుపు తిరగడం నేరుగా పోవడంకన్నా ఎనిమిది రెట్లు కష్టం. బరువు పది కిలోలు చేశారా, ఆ కిలో రెండు కిలోలవుతుంది. గచ్చు మీద హాయిగా తిరిగిన బండి తివాచీ ఎక్కగానే కటకటమని పళ్లు రాల్చుకునేది అందుకే.

ఈ సమస్య అసలు ట్యాంకులకూ ఉంది. సోవియట్ టీ-34లో మళ్లాలనుకున్న పక్కకు శక్తి తెంపి బ్రేకు వేసేవాళ్లు. మోటుగా ఉన్నా ఎవరైనా బాగుచేయగల పద్ధతి. టైగర్‌లో డ్రైవరుకు కారుకున్నట్టు స్టీరింగు చక్రమే ఉండేది. ఎనిమిది గేర్లు, ఒక్కో గేరులో రెండేసి చొప్పున పదహారు రకాల మలుపులు. నెమ్మదించే చైనులోని శక్తి వృథా కాకుండా గేర్ల ద్వారా రెండో పక్కకు చేరేది. అద్భుతమైన యంత్రం, చెడితే దేవుడే దిక్కు. మొత్తం మీద 1,350 దాకా టైగర్లు తయారయ్యాయి, టీ-34లు పదివేలకు పదివేలు వచ్చాయి. నాజీల సైన్యం కోసం చేసిన ఈ బండికి అది గెలిచిన యుద్ధాలకన్నా పేరే ఎక్కువని నా అభిప్రాయం. బొమ్మలు చేసేవాళ్లలో మాత్రం దాని మోజు తగ్గదు.

నమూనాలో అంత గొడవ లేదు. రెండు మోటార్లు, ఒక్కో చైనుకు ఒకటి. వాటి మధ్య యాంత్రిక బంధం లేదు కనక మలుపు భారమంతా బయటి పక్క మోటారే మోయాలి. మోటారు నిమిషానికి పది పదిహేను వేల చుట్లు తిరుగుతుంది. చైనును లాగే పళ్ల చక్రం 250 చుట్లు తిరిగితే చాలు. అంటే నలభై నుంచి అరవై రెట్లు వేగం తగ్గించి బలం పెంచాలి. తక్కువ ధర ట్యాంకుల్లో ఈ గేర్లు ప్లాస్టిక్‌వి. మొదట మార్చాల్సినది అదే, ఉక్కు గేర్లు వేయాలి.

ఉక్కు గేర్‌బాక్సును పెట్టెలోంచి తీసి నేరుగా బిగించేస్తే సగం పనే అయినట్టు. ముందు ఇరుసు ఒక్కోదాన్ని వేళ్లతో పట్టి అటూ ఇటూ లాగి చూడాలి. పక్కకు జరుగుతుంటే పల్చటి వాషర్లు ఒక్కొక్కటే వేసి ఆ ఆటను తీసేయాలి. అయితే బిగుసుకుపోకూడదు. ఇత్తడి బుష్‌లున్న చోట బాల్ బేరింగులు వేయగలిగితే మేలు. అన్నిటికన్నా ఓపిక కావాల్సింది మోటారు చిన్న గేరుకూ, దాని పక్క పెద్ద గేరుకూ మధ్య ఖాళీ పెట్టడం. నోటుపుస్తకం కాగితం సన్నగా చింపి రెండు గేర్ల పళ్ల మధ్య పెట్టి, మోటారును దానికేసి నొక్కి స్క్రూలు బిగించాలి. తర్వాత గేరును చేత్తో తిప్పి కాగితాన్ని బయటికి రప్పించాలి. కుచ్చిళ్లు పెట్టినట్టు మడతలు పడి, తెగకుండా వస్తే ఖాళీ సరిపోయినట్టు. తెగితే బిగువెక్కువ. మడతలు అరకొరగా పడితే వదులు. ఆపైన తెల్ల గ్రీజు కాస్త రాసి, చైన్లు వేయకుండా తక్కువ వోల్టేజీ మీద ఒక పూట తిరగనివ్వాలి. మొదట గరగరలాడిన గేర్‌బాక్సు సాయంత్రానికి గొంతు తగ్గిస్తుంది.

గేర్లు పళ్లు రాల్చవని ధైర్యం వచ్చాక దెబ్బ ఎలక్ట్రానిక్స్‌కి తగులుతుంది. బ్రష్షు మోటారు తిరగకుండా ఆగిపోయినప్పుడే ఎక్కువ కరెంటు తాగుతుంది. తిరిగేటప్పుడు అది ఎదురు వోల్టేజీ పుట్టించి కరెంటును అదుపులో ఉంచుకుంటుంది, ఆగితే ఆ అదుపు పోతుంది. తీగచుట్ట నిరోధం అర ఓమ్, బ్యాటరీ 7.4 వోల్టులు అయితే 15 ఆంపియర్ల దాకా పోవచ్చు. మునుపు బలహీనంగా ఉన్న ప్లాస్టిక్ గేరు విరిగి బోర్డును కాపాడేది. ఇప్పుడు గేరు విరగదు, బోర్డులోని ట్రాన్సిస్టర్లు కాలతాయి. కాబట్టి ఉక్కు గేర్లు వేసినవాళ్లు అంత కరెంటును తట్టుకునే కంట్రోలరు కూడా పెట్టుకోవాలి. ఇలాంటి బోర్డులు, కనెక్టర్లు, లావు తీగలు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట వెతుక్కోవచ్చు.

కంట్రోలరు చేసే పని చూడ్డానికి సులువు. స్టిక్కు ఎంత ముందుకి నెట్టామో ఒక సంఖ్య, ఎంత పక్కకి నెట్టామో ఇంకో సంఖ్య. రెండూ కలిపితే ఎడమ చైను వేగం, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే కుడి చైను వేగం. కరెంటును తగ్గించదు, సెకనుకు వేలసార్లు పూర్తిగా ఇస్తూ ఆపుతూ ఉంటుంది. ఇచ్చే సమయం ఎక్కువైతే వేగం ఎక్కువ. ఈ ఆట సెకనుకు రెండు మూడు వేలసార్లయితే మోటారు సన్నగా ఈల వేస్తుంది, ఇరవై వేలు దాటితే మన చెవికి అందదు. మంచి బోర్డుల్లో ఇంకో చమత్కారం ఉంటుంది. స్టిక్కు ఒక్కసారిగా నెట్టినా వేగాన్ని మెల్లగా పెంచుతుంది, వదిలినా మెల్లగా దించుతుంది. ప్లాస్టిక్‌లో లేని జడత్వాన్ని ప్రోగ్రాములో రాసుకున్నారన్నమాట. బరువు పట్టీల కన్నా చవక, గేర్లకు భారం కాదు. నన్నడిగితే అన్ని మార్పుల్లోకీ తెలివైనది ఇదే.

రేడియో సంగతి రెండు మాటల్లో. దూరం నుంచి రేడియోతో బండి నడపడం 1898లో న్యూయార్క్‌లో నికొలా టెస్లా చిన్న పడవతో చూపించిందే. 1944 చివర్లో కొన్ని అసలు టైగర్ల సిబ్బంది లోపల కూర్చుని, పేలుడు పదార్థాలు మోసే మనిషి లేని బండ్లను రేడియోతో నడిపారు కూడా. ఇప్పటి రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో, పౌనఃపున్యం క్షణక్షణం మారుస్తూ పనిచేస్తాయి. పాత 27 మెగాహెర్ట్జ్ రోజుల్లో లాగా ఇద్దరిది ఒకే చానల్ అయితే ఒకరి ట్యాంకు ఇంకొకరి మాట వినే బాధ లేదు. ఈ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, మూడు సెంటీమీటర్ల తీగ, యాంటెన్నాగా చాలు. బరువు కోసం ప్లాస్టిక్ అడుగుభాగం తీసి లోహపుది వేసినవాళ్లు ఆ మూడు సెంటీమీటర్లను లోహం పైకి, ప్లాస్టిక్ మూత కిందికి తేవాలి. లేదంటే పది అడుగులు పోయేసరికి బండి చెవిటిదవుతుంది.

శబ్దానికీ పరిమాణంతో పేచీ ఉంది. ఇంగ్లండ్‌లో బోవింగ్టన్ మ్యూజియంలో ఉన్న టైగర్ 131, ప్రపంచంలో ఇంకా నడుస్తున్న ఒకే ఒక్క టైగర్. ట్యునీషియాలో 1943లో దొరికిన బండి. ఇలాంటి పన్నెండు సిలిండర్ల ఇంజనులో ఒక్కో చుట్టుకు ఆరు పేలుళ్లు. నిమిషానికి 800 చుట్ల దగ్గర నిలకడగా ఆడుతుంటే సెకనుకు 80 పేలుళ్లు. అంత లోతైన స్వరాన్ని అయిదు సెంటీమీటర్ల స్పీకరు పలికించలేదు. అయినా మనకు వినిపిస్తుంది! 160, 240, 320 హెర్ట్జ్ దగ్గర ఉన్న అనుస్వరాలు వినిపిస్తే, లేని 80ని మెదడే పూరించుకుంటుంది. టెలిఫోనులో మగగొంతు మగగొంతులాగే వినబడేదీ ఇందుకే, పాత ఫోను లైన్లు 300 హెర్ట్జ్ కింద ఏదీ మోసేవి కావు. కాబట్టి పెద్ద స్పీకరు కోసం తంటాలు పడనక్కర్లేదు. ఉన్న స్పీకరు వెనక చిన్న డబ్బా కట్టి గాలి చొరకుండా మూసేయాలి. స్పీకరు ముందు నుంచి వచ్చే తరంగం, వెనక నుంచి వచ్చేది ఒకదానికొకటి వ్యతిరేకం. రెండూ కలిస్తే లోతు స్వరాలే ముందు చచ్చిపోతాయి. టరెట్‌లో ప్లాస్టిక్ గుండ్లు పేల్చే స్ప్రింగు యంత్రాన్ని పీకేస్తే ఆ డబ్బాకు చోటు దొరుకుతుంది. ఆ యంత్రం వల్ల ప్రయోజనం కంటికి ప్రమాదం తప్ప నాకేమీ కనబడలేదు.

ఇంతవరకూ బరువు చాలక పడ్డ పాట్లు. బరువు సరిగ్గా సరిపోయే బండి మన దగ్గరే ఒకటుంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే బీఎంపీ-2, మన సైన్యం పిలుచుకునే సరథ్. బరువు 14.3 టన్నులు. 4,096తో భాగిస్తే మూడున్నర కిలోలు. పొడవు 42 సెంటీమీటర్లు. త్రీడీ ప్రింటర్‌లో చేసుకునే మామూలు ప్లాస్టిక్ బాడీ, రెండు ఉక్కు గేర్‌బాక్సులు, బ్యాటరీ, లోహపు చైన్లు కలిపితే చేరగలిగిన తూకమే. కాకపోతే ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో ఆపిన కారులో మాత్రం ఉంచకండి.

సరథ్ నీళ్లలో ఈదే బండి. తేలడం ఒక్కటే కుదింపుకు లొంగని విద్య. బరువూ ఘనపరిమాణమూ రెండూ 4,096 రెట్లే తగ్గుతాయి కనక, మూడున్నర కిలోల నమూనా అసలు బండి ఎంత మేర మునుగుతుందో అంతే మేర మునుగుతుంది. నీళ్లలో కూడా చైన్లే తెడ్లు. అసలుది గంటకు 7 కిలోమీటర్లు ఈదుతుంది. ఫ్రూడ్ లెక్కన నమూనా సెకనుకు అర మీటరు ఈదితే, అది లేపే అల కూడా అచ్చం అసలు అలలాగే ఉంటుంది. గేర్‌బాక్సు ఇరుసులు బయటికొచ్చే రంధ్రాల్లో చిక్కటి గ్రీజు కూరి రబ్బరు సీలు వేయాలి, బాడీ అతుకులన్నిటికీ సిలికోన్ పట్టించాలి, బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి నీళ్ల తొట్టిలో మట్టంగా నిలిచేదాకా చూడాలి. చెరువులో వదిలే ముందు వెనక కొక్కేనికి గాలం తాడు కట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీళ్లు పీల్చేస్తాయి, యాంటెన్నా మునిగిందంటే రిమోట్ ఎంత నొక్కినా బండికి వినబడదు.